బరువు పెరుగుటకు ఆకలి మందా? అన్నమా?

పిల్లవాడు చిక్కిపోవుచున్నాడని తల్లి, పెండ్లీడు వచ్చిన పిల్ల పుల్లవలె ఉన్నదని తండ్రి, కోతలు ముగియునప్పటికి ఒంటిలో పస లేకుండ పోయినదని రైతు మందుల దుకాణమునకు పోయి “ఆకలి పుట్టే టానిక్కు” ఇమ్మని అడుగుట ఏ ఊరనైనను చూడవచ్చును. అదే ఇంటినుండి తెల్లవారగనే పాలు కేంద్రమునకు పోవును. గ్రుడ్లు అంగడికి పోవును. వేరుసెనగ కాయలు మార్కెట్టు యార్డుకు పోవును. ఆ వచ్చిన డబ్బులో కొంత సీసా రూపమున ఇంటికి తిరిగి వచ్చును. ఈ బేరములో మనకు మిగులునదేమి, పోవునదేమి అని రైతు సోదరులు ఒకసారి లెక్క చూచుకొనవలెను. ఎరువుకు, విత్తనమునకు లెక్క వేయువారు తమ ఒంటికి కూడ లెక్క వేయుట కష్టము కాదు.

బరువు ఎక్కడనుండి వచ్చును?

మన శరీరము గాదె వంటిది. రోజూ పోసిన దానికన్న రోజూ తీసినది తక్కువైన గాదె నిండును. తీసినది ఎక్కువైన గాదె అడుగంటును. ఆహారములోని శక్తిని కొలుచుటకు కిలోకాలరీ అను కొలత కలదు. కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునకు రోజుకు 2,110 కిలోకాలరీలు చాలును. మధ్యరకపు పని చేయువానికి 2,710, గట్టి కాయకష్టము చేయువానికి 3,470 కావలెను. 55 కిలోల స్త్రీకి ఈ లెక్క వరుసగా 1,660, 2,130, 2,720. ఈ అంకెలను భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినవి.

ఈ అంకెలను బట్టి ఒక సంగతి తెలియుచున్నది. వేసవిలో అరుగుపై కూర్చున్న మనిషియే నాట్ల కాలమున పొలములో దిగినచో అతనికి రోజుకు వెయ్యికి పైగా కిలోకాలరీలు అదనముగా కావలెను. కాని చాల ఇండ్లలో రెండు కాలములందును కంచములో పడునది ఒకే కొలత. నాట్లకు పోవు ఆడవారి సంగతి ఇంకను అన్యాయము. వారు అందరికన్న ముందు లేచి, అందరికి వడ్డించి, మిగిలినది తిందురు. అట్టివారు చిక్కిపోవుట ఆకలి లేక కాదు, తిండి చాలక.

శరీరము ఒక కిలో బరువు పెరుగుటకు ఖర్చుకు మించి సుమారు 7,000 కిలోకాలరీలు లోనికి పోవలెను. అనగా రోజుకు 500 అదనముగ తిన్నచో నెలకు ఒక కిలో మొదలు రెండు కిలోల వరకు పెరుగవచ్చును. ఈ 7,000 ఏ సీసాలోనుండియు రావు. అవి అన్నము, పప్పు, నూనె, పాలు, గింజలనుండియే రావలెను.

ఆకలి మందు ఏమి చేయును?

ఆకలి పుట్టించుటకై అమ్మబడుచున్న మందులలో ఎక్కువగా వినబడునది సైప్రోహెప్టడీను. ఇది మొదట తుమ్ములకు, దద్దురులకు, దురదలకు వాడిన మందు. దానిని వాడిన కొందరికి ఆకలి హెచ్చగుట చూచి ఆకలి మందుగ కూడ వాడుక చేసిరి. కడుపు నిండినదని మెదడునకు తెలుపు పనిలో సెరటోనిను అను పదార్థము పాల్గొనును. ఈ మందు ఆ పదార్థపు పనిని అడ్డగించును. అందుచేత తినవలెనను కోరిక కొంత పెరుగును.

కోరికయే పెరుగును గాని మందు స్వయముగ కండ కాదు, క్రొవ్వు కాదు. మందు వాడినన్నాళ్లు తిండి పెరిగినచో బరువు కొద్దిగ పెరుగును. మందు మానిన పిదప కోరిక తగ్గును. తినుట అలవాటు కానిచో, కంచములోని కొలత మారనిచో వచ్చిన బరువు కూడ జారిపోవచ్చును.

దీనికి తోడు ఈ మందువలన మగత కలుగును. ట్రాక్టరు తోలువారు, నూర్పిడి యంత్రమునకు పనలు అందించువారు, రాత్రివేళ మోటారు వేయుటకు పొలమునకు పోవువారు మగతలో ఉండుట ప్రాణాపాయము. నోరు ఎండిపోవుట, మలబద్ధము కూడ కలుగవచ్చును. మూత్రము సరిగ రాని వృద్ధులకు మూత్రము బిగియవచ్చును. కంటిలో ఒత్తిడి హెచ్చు నీటికాసుల వ్యాధి కలవారికి చూపునకే ముప్పు రావచ్చును. దీనిని తాగుడుతో కలిపినచో మగత మరింత హెచ్చును.

ఇప్పుడు మూడు ఇండ్లను గూర్చి ఆలోచింపుడు. మొదటి ఇంట తిండి కలదు, ఆకలియు కలదు. అచట మందుతో పనిలేదు. రెండవ ఇంట ఆకలి కలదు, తిండి చాలదు. అచట మందు కడుపులో మంట రేపునే గాని కంచము నింపదు. మూడవ ఇంట తిండి కలదు, ఆకలి లేదు. అచట ఆకలి ఎందుకు పోయినదో తెలిసికొనవలెను. మూడింటిలో ఏ ఇంటికిని దుకాణమునకు పోయి తానై సీసా కొని తెచ్చుకొనవలసిన అగత్యము లేదు.

పొట్లపు మందులతో జాగ్రత్త

సీసాలకన్న ప్రమాదమైనవి పేరు లేని పొడులు, పొట్లములు, “నెలలో లావు చేయు” బిళ్లలు. ఇట్టివానిలో డెక్సామెథాసోను, బీటామెథాసోను వంటి స్టెరాయిడు మందులు కలిపి అమ్ముట కలదు. తీవ్రమైన ఉబ్బసము మొదలగు జబ్బులలో వైద్యుడు తగు మోతాదులో వాడినపుడు ఇవి ప్రాణరక్షకములు. బరువు కొరకు వాడినపుడు ఇవి విషతుల్యములు.

వీనిని మ్రింగినవాని ముఖము కొన్ని వారములలో గుండ్రముగ ఉబ్బును, పొట్ట పెరుగును. చూచువారు “బాగుపడినాడు” అందురు. నిజమునకు చాలవరకు అది నీరు, క్రొవ్వు. ఇంకొక వైపున చేతుల, తొడల కండ కరగిపోవును. రక్తములో చక్కెర హెచ్చును, రక్తపు పోటు హెచ్చును, ఎముకలు గుల్లబారును. రోగములను ఎదుర్కొను శక్తి సన్నగిల్లి, అణగియున్న క్షయ తిరుగబడవచ్చును. చాలకాలము వాడి ఒక్కసారిగ మానినచో మనిషి కుప్పగూలవచ్చును. ఏలయన శరీరము తనంతట తాను తయారుచేసికొను స్టెరాయిడు అప్పటికి ఆగిపోయి ఉండును. కావున ఇదివరకే ఇట్టి బిళ్లలు వాడుచున్నవారు భయపడి చటుక్కున మానక, ఆ బిళ్లలను వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు పోవలెను. ఆయన క్రమముగ తగ్గించును.

విటమిను టానిక్కుల సంగతి వేరు. శరీరములో ఇనుము గాని జింకు గాని కొరవడినపుడు ఆకలి మందగించుట నిజమే. ఆ లోటు పూడ్చినచో ఆకలి తిరిగి వచ్చును. లోటు లేనివాడు త్రాగినచో లాభము లేదు. జింకు లోటు లేని చేనికి జింకు సల్ఫేటు చల్లినంత మాత్రమున దిగుబడి పెరుగదు గదా!

ఆకలి చచ్చుట ఒక హెచ్చరిక

ఎద్దు మేత మానినపుడు అనుభవము గల రైతు ఏమి చేయును? మూతి తెరచి పళ్లు, నాలుక చూచును. ముట్టె తడిగ ఉన్నదో ఎండినదో చూచును. పేడ చూచును, నెమరు వేయుచున్నదా లేదా గమనించును. కారణము తెలిసిన తరువాతనే వైద్యము. ఇంటిలోని మనిషి విషయమున కూడ ఈపాటి విచారణ అవసరము.

పిల్లలలో ఆకలి లేమికి కడుపులో నులిపురుగులు ఒక కారణము. ఒకటి మొదలు పందొమ్మిది సంవత్సరముల లోపు పిల్లలకు అంగన్‌వాడీలలో, పాఠశాలలలో ఆల్బెండజోలు బిళ్ల ఉచితముగ ఇచ్చుచున్నారు. దానిని తప్పక వేయింపవలెను. భోజనమునకు ముందు బిస్కత్తులు, ప్యాకెట్టు చిరుతిండ్లు, తీపి పానీయములు తిని త్రాగిన పిల్లవానికి అన్నము సయింపదు. అది జబ్బు కాదు, మన చేతిలోని పనియే. పెద్దలలో చుట్ట, బీడీ, మాటిమాటికి త్రాగు టీ ఆకలిని చంపును. వృద్ధులలో పళ్లు ఊడుట, నోటిలో పుండ్లు, ఇతర జబ్బులకు వాడు మందులు, ఒంటరితనము ఆకలిని తగ్గించును.

బాగుగ తినుచున్నను చిక్కిపోవుచు, దాహము, అతిమూత్రము ఉన్నచో మధుమేహము అయి ఉండవచ్చును. గుండెదడ, చేతుల వణుకు, చెమటలతో చిక్కిపోవుచున్నచో కంఠములోని థైరాయిడు గ్రంథిని పరీక్షింపవలెను. వీరికి ఆకలి మందు ఇచ్చుట చిల్లికుండలో నీరు పోయుటయే.

రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట క్షయ లక్షణములు. ప్రభుత్వ ఆసుపత్రులలో తెమడ పరీక్షయు, మందులును ఉచితము. క్షయరోగిని టానిక్కులతో రెండు మూడు నెలలు గడిపినచో అతని ఊపిరితిత్తులు పాడగుటయే గాక, ఆ రోగము ఇంటిలోని పసిపిల్లలకు కూడ అంటును.

తిండి శక్తికి ఒక నిదర్శనము

క్షయ విషయముననే తిండి ఎంత పనిచేయునో ఝార్ఖండు రాష్ట్రములో పరీక్షించి చూచినారు. 2019 నుండి 2022 వరకు జరిగిన ఈ పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. రోగులకు క్షయ మందులతో పాటు నెలకు 10 కిలోల ఆహారపు మూట ఇచ్చిరి. అందులో బియ్యము, పప్పుదినుసులు, పాలపొడి, నూనె ఉండెను. విటమిను బిళ్లలు కూడ ఇచ్చిరి. మొదటి రెండు నెలలలో తమ బరువులో నూటికి 5 వంతులు పెరిగిన రోగులలో మరణ ప్రమాదము 61 శాతము తక్కువగ కనిపించినది.

అంతకన్న ఆశ్చర్యకరమైనది ఇంటివారి సంగతి. కొన్ని ప్రాంతములలో రోగి ఇంటిలోని ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమిను బిళ్లలు ఇచ్చిరి. ఇంటివారికి ఆహారము అందని ప్రాంతములతో పోల్చినపుడు వీరిలో క్రొత్తగ క్షయ వచ్చుట 39 శాతము తగ్గినది. ఈ మేలు చేసినది ఆకలి మందు కాదు. మనము పండించు బియ్యము, పప్పులే. క్షయరోగి పోషణకై ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచు, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలకు పెంచినది. ఆ సొమ్ము సీసాలకు గాక తిండికే ఖర్చు కావలెను.

తిండి పెంచుట ఎట్లు?

“తినుమన్న ఎంత తినగలము?” అని అడుగవచ్చును. ఉన్న అన్నమునే రెండింతలు తినుమనుట లేదు. కొద్ది పరిమాణములో ఎక్కువ శక్తి గల పదార్థములను చేర్చుటయే ఉపాయము.

గుప్పెడు వేయించిన వేరుసెనగ గింజలు, అనగా 40 గ్రాములు, సుమారు 225 కిలోకాలరీలు, 10 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చును. దానితో 20 గ్రాముల బెల్లపు ముక్క తిన్నచో మరి 75 చేరును. 200 మిల్లీలీటర్ల గేదెపాలు సుమారు 220 ఇచ్చును. ఈ మూడే 500 దాటినవి. పప్పులో రెండు చెంచాల నూనె గాని నెయ్యి గాని వేసికొన్నచో 90, ఒక గ్రుడ్డు తిన్నచో 70 చేరును. మీరు కొను సీసా వెలకు ఎన్ని కిలోల గింజలు, ఎన్ని గ్రుడ్లు వచ్చునో మీరే లెక్కించుకొనుడు.

చిన్నపిల్లలకు జాతీయ పోషకాహార సంస్థ వారు “హైదరాబాదు మిశ్రమము” అను పొడిని రూపొందించిరి. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుసెనగ 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు కలిపి పొడి చేయవలెను. ఈ 86 గ్రాముల పొడిలో 330 కిలోకాలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉండును. పది రోజులకు కావలసినది ఒకేసారి కొట్టి, తడి తగులని డబ్బాలో ఉంచుకొనవచ్చును. పాలలో గాని కాచి చల్లార్చిన నీటిలో గాని కలిపి పెట్టవలెను. ఆరు నెలలు నిండని శిశువునకు మాత్రము తల్లిపాలు తప్ప మరేమియు పెట్టరాదు.

పిల్లవాని కడుపు చిన్నది. మూడు పూటలు పెద్దవారితో కూర్చుండబెట్టి కుక్కుట కన్న ఐదారుసార్లు కొద్దికొద్దిగ పెట్టుట మేలు. బలవంతము చేసినచో కంచము చూచిననే ఏడ్చును. పెద్దలు కూడ వేళకు తినవలెను. ఒక వేళకు తిను అలవాటు పడిన కడుపు ఆ వేళకు తానే ఆకలిని పుట్టించును. ప్రొద్దుట టీ చుక్కతో పొలమునకు పోయి మధ్యాహ్నము రెండు గంటలకు అన్నము తినువారు, ఉదయమే జావ గాని చద్దన్నము పెరుగు గాని తిని బయలుదేరవలెను. గట్టు మీదికి గింజలు, బెల్లము మూట కట్టుకొని పోవుట తేలిక. వృద్ధులకు మెత్తగ ఉడికించి, నలుగురితో కూర్చుండబెట్టి వడ్డింపవలెను.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. మంచి కాయ అమ్మి, నొక్కులుపడిన, బూజు పట్టిన తాలు కాయ ఇంటికి ఉంచుకొను అలవాటు కొందరిలో కలదు. బూజు పట్టిన వేరుసెనగలో అఫ్లాటాక్సిను అను విషము పుట్టును. వేయించినను అది పూర్తిగ పోదు. కాలేయమును చెరచి, కాన్సరుకు కూడ దారితీయును. ఇంటికి ఉంచుకొనునది మంచి కాయయే కావలెను. బూజు గింజ మనుష్యులకు గాని పశువులకు గాని పెట్టరాదు.

మధుమేహము కలవారు బెల్లము, పంచదారలతో బరువు పెంచుకొనరాదు. వారు వైద్యుని సలహాపై గింజలు, పప్పులు, గ్రుడ్లు, పాలు ఆధారము చేసికొనవలెను. మరియు సన్నగ ఉన్న ప్రతివారు లావు కావలసిన పనిలేదు. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారు 47 కిలోలకు, 150 సెంటీమీటర్ల వారు 42 కిలోలకు తగ్గినచో తక్కువ బరువు అని భావింపవలెను. అంతకు మించి ఉండి, నిబ్బరముగ పని చేసికొనువారు ఇరుగుపొరుగు మాటలకు బిళ్లలు మ్రింగరాదు.

మందుకు చోటు ఎక్కడ?

ఆకలి మందులకు అసలే చోటు లేదని చెప్పుట న్యాయము కాదు. కాన్సరు, ఎయిడ్సు వంటి వ్యాధులలో మనిషి కృశించుచు, ఎదుట కంచమున్నను తినలేనపుడు వైద్యులు ఆలోచించి కొన్ని మందులు ఇత్తురు. మెజెస్ట్రాలు అట్టివానిలో ఒకటి. దానివలన పెరుగు బరువులో క్రొవ్వే ఎక్కువ. రక్తము గడ్డకట్టు ప్రమాదము కూడ కలదు. అందుచేతనే దానిని వైద్యుడు కనిపెట్టుచు వాడవలెను. కొందరు పిల్లలకు కూడ జబ్బును బట్టి కొంతకాలము ఆకలి మందు వ్రాయవచ్చును. పరీక్ష చేసిన వైద్యుడు వ్రాసిన చీటీ వేరు, ప్రక్కింటివారు చెప్పిన పేరు వేరు.

గ్రామాధికారులు చేయవలసినది

అంగన్‌వాడీలో ప్రతి నెల పిల్లల బరువు తూచి పటములో గుర్తించుట జరుగుచున్నదా అని గ్రామాధికారులు విచారింపవలెను. ఆ పటములో గీత పైకి పోవుచున్నచో పిల్లవాడు సన్నగ కనిపించినను దిగులు లేదు. గీత నిలిచినను, దిగినను వెంటనే ఆశా కార్యకర్తకు తెలుపవలెను. ఆరు నెలలు మొదలు ఐదు సంవత్సరముల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైన అది తీవ్రమైన పోషణ లోపము. వాని చికిత్స టానిక్కుతో ఇంటిలో జరుగునది కాదు, ఆసుపత్రికి చేర్పవలెను. పేరు లేని పొట్లములు అమ్మువారు ఊరిలో తిరుగుచున్నచో పైవారికి తెలియజేయుట కూడ వారి విధియే. రేషను బియ్యము, అంగన్‌వాడీ ఆహారము, క్షయరోగుల పోషణ సొమ్ము అర్హులకు అందునట్లు చూచుట ఏ టానిక్కు కన్నను గొప్ప మందు.

రైతు సోదరులు ఇంటిలో ఈ చిన్న ఏర్పాటు చేసికొనుడు. కేంద్రమునకు పోయు పాలలో ఒక గ్లాసు, అంగడికి పోవు గ్రుడ్లలో రోజుకు ఒకటి, యార్డుకు పోవు బస్తాలలో ఒక మంచి బస్తా ఇంటి పేర ముందుగ తీసి ఉంచుడు. విత్తనమునకు తీసి ఉంచినట్లే దీనిని కూడ ఉంచుడు. ఒక నెల తరువాత కాటా మీద నిలువబడుడు. బరువు పెరిగినచో అదే దారిని సాగుడు. నెలకు నెల కడుపునిండ తినినను పెరుగకున్నచో, సీసా కొనక, వైద్యునిచే పరీక్ష చేయించుకొనుడు.